సోడియం బోరోహైడ్రైడ్ నుంచి డోడెకాబోరేట్ దాకా: చేసే పద్ధతి, చేశాక జరిపించే చర్యలు

డోడెకాబోరేట్ అంటే పన్నెండు బోరాన్‌లు, పన్నెండు హైడ్రోజన్‌లు ఉన్న రుణ అయాన్. సీసాలో తెల్లటి పొడిగా ఉన్న దాని ఉప్పును చూస్తే ఇది బోరాన్ హైడ్రైడ్ అంటే నమ్మబుద్ధి కాదు. గాలిలో ఉంచితే ఏమీ కాదు. గాఢ సోడియం హైడ్రాక్సైడ్‌తో కాచినా, విలీన హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో వేడి చేసినా చెక్కుచెదరదు. సీజియం ఉప్పయితే 600 డిగ్రీలు దాటినా విడిపోదు. 1912 నుంచి జర్మనీలో ఆల్ఫ్రెడ్ స్టాక్ గాలి చొరబడని గాజు గొట్టాల్లో పట్టి అధ్యయనం చేసిన, గాలి తగిలితే మండిపోయే బోరేన్‌ల (బోరాన్ హైడ్రైడ్‌ల) కుటుంబంలోదే ఇదీ.

ఉప్పు సాధువే, కానీ అక్కడికి చేరే దారి సాధువు కాదు. లీటర్ల కొద్దీ హైడ్రోజన్ వస్తుంది. అదుపు తప్పితే డైబోరేన్ అనే మండే విషవాయువు కూడా వస్తుంది. అందుకే ఇక్కడ తయారీ గురించే ఎక్కువ రాస్తున్నాను. ఫ్యూమ్ హుడ్, నైట్రోజన్ లైన్, బోరాన్ ఎన్ఎమ్ఆర్ (ఏ బోరాన్ సమ్మేళనం ఉందో స్పెక్ట్రంలో చూపే యంత్రం) అందుబాటులో ఉండి, పక్కన అనుభవజ్ఞులున్న ఎమ్మెస్సీ ప్రాజెక్టు విద్యార్థులకు, రిసెర్చ్ స్కాలర్లకు ఇది. ఆ మూడింట్లో ఏది లేకపోయినా మొదలుపెట్టకండి.

ముందు ఎలక్ట్రాన్ల లెక్క

డోడెకాబోరేట్ అయాన్ ఒక బోను లాంటిది. ఈ బోనులో పన్నెండు బోరాన్‌లు ఐకోసాహెడ్రన్ (ఇరవై ముఖాల ఘనరూపం) శీర్షాల దగ్గర కూర్చుంటాయి, ఒక్కోదానికి బయటి వైపు ఒక హైడ్రోజన్. ప్రతి బోరాన్-హైడ్రోజన్ జత బోను కట్టడానికి రెండు ఎలక్ట్రాన్లు ఇవ్వగలదు. పన్నెండింటికి 24. బోను నిలబడాలంటే 26 కావాలి, అంటే 13 జంటలు. ఆ తక్కువైన రెండు ఎలక్ట్రాన్లే అయాన్ మీద కనిపించే రెండు రుణావేశాలు. 1955లో లాంగ్వెట్-హిగ్గిన్స్, రాబర్ట్స్ ఈ సంగతి లెక్కగట్టి చెప్పారు. 1960లో పిటోషెల్లి, హాథార్న్ ఆ అయాన్‌ను వేరుచేసి చూపించారు. మూసి ఉన్న బోనుకు శీర్షాల సంఖ్య కంటే ఒకటి ఎక్కువ జంటలు కావాలన్న వేడ్ నియమం 1971లో వచ్చింది.

రెండు మూడు బోనులు అతుక్కున్న అణువులకు వేడ్ లెక్క నేరుగా కుదరదు. దానికి వాడే ఎమ్ఎన్ఓ నియమం మన హైదరాబాద్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఇ.డి. జెమ్మిస్ బృందం దాన్ని 2001లో ప్రకటించింది. బోనుల సంఖ్య, శీర్షాల సంఖ్య, రెండు బోనులు ఒకే శీర్షాన్ని పంచుకున్న చోట్ల సంఖ్య, ఈ మూడూ కూడితే కావలసిన జంటలు వస్తాయి. తెరిచి ఉన్న బోనులకైతే లేని శీర్షాలను కూడా కలుపుకోవాలి. మన అయాన్‌కు ఒక బోను, పన్నెండు శీర్షాలు, మొత్తం 13. రెండు లెక్కలూ కలిశాయి.

ఏ దారి ఎంచుకోవాలి

పది బోరాన్‌లున్న డెకాబోరేన్‌ను ట్రైఇథైలమైన్-బోరేన్‌తో 190 డిగ్రీల దగ్గర వేడి చేస్తే ట్రైఇథైలమ్మోనియం డోడెకాబోరేట్ నేరుగా వస్తుంది. చూడటానికి ముచ్చటైన చర్య. కానీ డెకాబోరేన్ విషం, ఖరీదు, దొరకడమూ కష్టం. చేతిలో ఉంటే తప్ప ఆ దారి వద్దంటాను.

ఇంకో దారి సోడియం బోరోహైడ్రైడ్, అయోడిన్. రెండూ ఏ ల్యాబ్‌లోనైనా ఉంటాయి. కార్‌స్టెన్ క్నాప్ బృందం 2009లో ఈ పద్ధతిని చక్కగా స్థిరపరిచింది. ఇందులో రెండు దశలు. మొదటి దశలో మూడు మోల్‌ల బోరోహైడ్రైడ్, ఒక మోల్ అయోడిన్ కలిసి ఒక మోల్ ట్రైబోరేట్ (మూడు బోరాన్‌లు, ఎనిమిది హైడ్రోజన్‌ల అయాన్ ఉన్న ఉప్పు), రెండు మోల్‌ల సోడియం అయోడైడ్, రెండు మోల్‌ల హైడ్రోజన్ ఇస్తాయి. రెండో దశలో ఐదు మోల్‌ల ట్రైబోరేట్ నుంచి ఒక మోల్ డోడెకాబోరేట్, మూడు మోల్‌ల బోరోహైడ్రైడ్, ఎనిమిది మోల్‌ల హైడ్రోజన్ వస్తాయి. అంటే పెట్టిన బోరోహైడ్రైడ్‌లో ఐదో వంతు తిరిగి బోరోహైడ్రైడ్‌గానే మిగులుతుంది. దిగుబడి లెక్కవేసేటప్పుడు దీన్ని చాలామంది మరిచిపోతారు.

మొదటిసారి చేసేవాళ్లకు ఈ కొలత సరిపోతుంది: బోరోహైడ్రైడ్ 0.3 మోల్, అంటే 11.35 గ్రాములు. అయోడిన్ 0.1 మోల్, అంటే 25.4 గ్రాములు. అంతా సవ్యంగా జరిగితే సోడియం డోడెకాబోరేట్ 0.02 మోల్, అనార్ద్ర రూపంలో 3.76 గ్రాములు. నిజంగా చేతికొచ్చేది ఇందులో సగం అటూఇటూగా ఉంటుంది. వెలువడే హైడ్రోజన్ 0.36 మోల్, గది ఉష్ణోగ్రత దగ్గర దాదాపు 8.8 లీటర్లు. కొలత పది రెట్లు పెంచితే వాయువూ పది రెట్లు. స్కేల్ పెంచుదామనుకునేవాళ్లు ముందు ఈ అంకె చూడాలి.

సరంజామా

500 మిల్లీలీటర్ల త్రీ నెక్ ఫ్లాస్క్, ప్రెషర్ ఈక్వలైజింగ్ డ్రాపింగ్ ఫన్నెల్, కండెన్సర్, లోపలి ఉష్ణోగ్రత చూపే థర్మామీటర్, గట్టి స్టిరర్. కండెన్సర్ పైనుంచి వచ్చే వాయువు ముందు ఖాళీ ట్రాప్‌లోకి, ఆ తర్వాత అసిటోన్ ఉన్న బబ్లర్‌లోకి, అక్కడినుంచి హుడ్‌లోకి పోవాలి. తప్పించుకున్న డైబోరేన్‌ను అసిటోన్ పట్టేస్తుంది. ఖాళీ ట్రాప్ ఎందుకంటే, హీటర్ ఆపగానే ఫ్లాస్క్ చల్లబడి అసిటోన్‌ను వెనక్కి లాగుతుంది. హైడ్రోజన్ వస్తున్నంతసేపూ దగ్గర్లో మంట, నిప్పురవ్వ ఉండకూడదు. వ్యవస్థను ఎక్కడా మూసేయకూడదు.

ద్రావణి డైగ్లైమ్. బోరోహైడ్రైడ్‌కు డైగ్లైమ్ మంచి ద్రావణి అని 1955లో హెచ్.సి. బ్రౌన్, మీడ్, బి.సి. సుబ్బారావు కలిసి రాశారు. మరుసటి ఏడాది బ్రౌన్‌తో కలిసి హైడ్రోబోరేషన్‌ను ప్రకటించిన సుబ్బారావు ఈయనే. డైగ్లైమ్‌లో బోరోహైడ్రైడ్ గది ఉష్ణోగ్రత దగ్గర బాగానే కరుగుతుంది. 75 డిగ్రీలు దాటాక మాత్రం దాదాపు కరగదు. అందుకే మొదటి దశలో మీ ముందుండేది ద్రావణం కాదు, తెల్లటి అవలంబనం. స్టిరర్ బలహీనంగా ఉంటే పొడి అడుగున పేరుకుంటుంది, అయోడిన్‌కు అందదు.

డైగ్లైమ్‌ను ముందే పెరాక్సైడ్ స్ట్రిప్‌తో పరీక్షించండి. పెరాక్సైడ్ ఉన్న సీసాను వాడొద్దు, మరిగించొద్దు. ద్రావణి పొడిగా ఉండాలి, నీటి చుక్క కూడా బోరోహైడ్రైడ్‌ను తినేస్తుంది. ఇది ప్రత్యుత్పత్తి ఆరోగ్యానికి హాని చేసే ద్రావణి కూడా. గ్లవ్స్ తప్పనిసరి. ల్యాబ్‌లో గర్భిణులు ఉంటే ఈ పని వాళ్లకు అప్పగించకూడదు.

మొదటి అడుగు: అయోడిన్ పోయడం

నైట్రోజన్ కింద బోరోహైడ్రైడ్‌ను 100 మిల్లీలీటర్ల డైగ్లైమ్‌లో వేసి లోపలి ఉష్ణోగ్రత 100 డిగ్రీలకు తీసుకురండి. అయోడిన్‌ను ఇంకో 100 మిల్లీలీటర్ల డైగ్లైమ్‌లో కరిగించి ఫన్నెల్‌లో పోయండి. ఇప్పుడు చుక్క చుక్కగా, ఐదారు గంటల్లో పూర్తయ్యేలా వదలండి.

మొత్తం పనిలో కీలకం ఇదే. చల్లటి ద్రావణంలో ఇవే రెండు పదార్థాలు కలిస్తే డైబోరేన్ తయారవుతుంది. నిజానికి ల్యాబ్‌లో డైబోరేన్ చేసే పాత పద్ధతి అదే. 100 డిగ్రీల దగ్గర బోరోహైడ్రైడ్ ఎక్కువగా, అయోడిన్ తక్కువగా ఉంటే, పుట్టిన బోరేన్‌ను పక్కనున్న బోరోహైడ్రైడ్ అయాన్ పట్టుకుని ట్రైబోరేట్‌గా మారుస్తుంది. కాబట్టి రెండు నియమాలు మరవకండి. ఉష్ణోగ్రత పడిపోతే ఫన్నెల్ మూసేయండి. అయోడిన్‌లో బోరోహైడ్రైడ్ పోసే తలకిందుల పని ఎప్పుడూ చేయకండి.

ప్రతి చుక్క రంగూ వెంటనే పోవాలి. గోధుమ రంగు నిలిచిందంటే వేగం ఎక్కువైందన్నమాట, లేదా కలియబెట్టడం చాలడం లేదు. పోయడం అయ్యాక అదే ఉష్ణోగ్రతలో రాత్రంతా ఉంచండి. ఈ దశలో వచ్చే హైడ్రోజన్ సుమారు ఐదు లీటర్లు.

ఉదయం నైట్రోజన్ కింద చిన్న నమూనా తీసి బోరాన్-11 ఎన్ఎమ్ఆర్‌కు పంపండి. ట్రైబోరేట్ మైనస్ 30 పీపీఎం దగ్గర తొమ్మిది గీతల గుత్తిగా కనబడుతుంది. ఎనిమిది హైడ్రోజన్‌లూ మూడు బోరాన్‌ల మధ్య ఆగకుండా తిరుగుతుంటాయి కాబట్టి అన్నీ ఒకేలా కనిపించి తొమ్మిది గీతలొస్తాయి. గుత్తి అంచుల్లోని గీతలు చిన్నవి, శబ్దంలో మునిగిపోతే ఏడే కనిపించవచ్చు, కంగారు పడొద్దు. మిగిలిన బోరోహైడ్రైడ్ మైనస్ 42 దగ్గర ఐదు గీతలు. ప్లస్ 18 నుంచి 20 మధ్య వెడల్పాటి గుట్ట ఉంటే లోపలికి నీరో గాలో వచ్చిందని అర్థం. మామూలు ఎన్ఎమ్ఆర్ ట్యూబ్ గాజులోనూ బోరాన్ ఉంటుంది, అదీ అడుగున వెడల్పాటి ఎత్తు చూపిస్తుంది. కొత్తవాళ్లు దాన్ని మలినం అనుకుని టెన్షన్ పడతారు. ఖాళీ ద్రావణి స్పెక్ట్రం ఒకటి తీసి పెట్టుకుంటే తేడా తెలుస్తుంది.

రెండో అడుగు: రిఫ్లక్స్

ట్రైబోరేట్ ఏర్పడిందని తేలాకే వేడి పెంచండి. డైగ్లైమ్ మరిగేది 162 డిగ్రీల దగ్గర, ఆ రిఫ్లక్స్‌లోనే (ఆవిరి కండెన్సర్‌లో చల్లబడి మళ్లీ ఫ్లాస్క్‌లోకే పడేలా మరిగించడంలో) బోను కట్టుకుంటుంది. 100 నుంచి 162కి ఒక్కసారిగా దూకకండి. 130 దాటాక వాయువు జోరు పెరుగుతుంది, బబ్లర్‌ను చూస్తూ నెమ్మదిగా పెంచండి. తక్కువ ఉష్ణోగ్రతకే మరిగేవి పోగుపడితే ఫ్లాస్క్ 150 దగ్గరే ఆగిపోతుంది. అప్పుడు కొద్దిగా స్వేదనం తీసేస్తే మళ్లీ ఎక్కుతుంది.

ఎంతసేపు? ఒక పగలూ రాత్రీ మామూలు. ఇంకా ఎక్కువ పట్టవచ్చు. గడియారం కంటే స్పెక్ట్రాన్నే నమ్మండి. డోడెకాబోరేట్ మైనస్ 15.6 దగ్గర రెండు గీతలుగా వస్తుంది, మధ్య దూరం 125 హెర్ట్జ్ దరిదాపుల్లో. ప్రోటాన్‌ను డీకపుల్ చేస్తే, అంటే హైడ్రోజన్ల వల్ల గీతలు చీలకుండా చూస్తే, ఒకే ఒక్క గీత. పన్నెండు బోరాన్‌లూ సమానమేనన్న దానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. మైనస్ 14 నుంచి 17 మధ్య అదనంగా చిన్న గీతలుంటే అవి పదకొండు బోరాన్‌ల తెరిచిన బోనువి కావచ్చు, ఇంకాసేపు మరగనివ్వండి. మైనస్ 30 దగ్గరి గుత్తి పూర్తిగా పోయేదాకా ఆపొద్దు.

మూడో అడుగు: నీళ్లు, ఆమ్లం, అమైన్

చల్లార్చి, తగ్గించిన పీడనంలో డైగ్లైమ్‌ను స్వేదనం చేసి తీసేయండి. మిగిలిన ముద్దలో ఉన్నవి: మనకు కావలసిన ఉప్పు, బోలెడు సోడియం అయోడైడ్, వెనక్కి వచ్చిన బోరోహైడ్రైడ్. మంచు స్నానంలో ఉంచి నీళ్లు కొద్దికొద్దిగా కలపండి. ఆ తర్వాత హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కలుగా, హుడ్‌లోనే, నురుగు అణిగేదాకా ఆగుతూ పోయండి. మిగిలిన బోరోహైడ్రైడ్ అంతా ఇక్కడ హైడ్రోజన్, బోరిక్ ఆమ్లంగా మారుతుంది. రిఫ్లక్స్ అయిపోయింది కదా అని జాగ్రత్త సడలేది సరిగ్గా ఈ చోటే. ద్రావణం స్పష్టంగా ఆమ్లంగా మారాలి. డోడెకాబోరేట్‌కు ఆ ఆమ్లం వల్ల ఏమీ కాదు.

ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచితే బోరిక్ ఆమ్లం చాలావరకు స్ఫటికాలుగా దిగుతుంది, వడకట్టేయండి. ఆ తేట ద్రావణంలో ట్రైఇథైలమైన్ హైడ్రోక్లోరైడ్ ద్రావణాన్ని కొంచెం ఎక్కువే పోయండి. తెల్లటి దట్టమైన అవక్షేపం వెంటనే పడుతుంది, అది ట్రైఇథైలమ్మోనియం డోడెకాబోరేట్. ఉత్త అమైన్ కలిపి ద్రావణాన్ని క్షారంగా మారిస్తే అవక్షేపం రాదు, ఎందుకంటే పట్టుకోవాల్సిన ధనాయాన్ అక్కడ ఉండదు. అయోడైడ్ గాలి తగిలి గోధుమ రంగు వస్తే ఆందోళన అక్కర్లేదు, కడిగితే పోతుంది. చల్లటి నీళ్లతో కడిగి, వేడి నీళ్లలో పునఃస్ఫటికీకరణ చేయండి. మన కొలతకు సిద్ధాంతం ప్రకారం గరిష్ఠం 6.9 గ్రాములు.

నాలుగో అడుగు: కావలసిన ఉప్పు

ట్రైఇథైలమ్మోనియం ఉప్పును నీళ్లలో వేసి, ఒక మోల్ ఉప్పుకు సరిగ్గా రెండు మోల్‌ల సోడియం హైడ్రాక్సైడ్ కలిపి మరిగిస్తే అమైన్ ఆవిరైపోయి సోడియం ఉప్పు మిగులుతుంది. పొటాషియంకు, సీజియంకు వాటి హైడ్రాక్సైడ్‌లు. ప్రోటాన్ ఎన్ఎమ్ఆర్‌లో ఇథైల్ గీతలు పూర్తిగా పోయాయో లేదో చూసుకోండి. వాసన మీద ఆధారపడొద్దు. సీజియం ఉప్పు కోసం సీజియం క్లోరైడ్ వాడితే సీజియం క్లోరైడ్ కూడా కలిసిన జంట ఉప్పుగా స్ఫటికమవుతుంది. బరువు లెక్క తప్పేది అక్కడే. వేరే లోహం కావాలంటే కేటయాన్ ఎక్స్ఛేంజ్ స్తంభం గుండా పంపి ఆమ్లరూపం తీసుకుని, ఆ లోహపు కార్బొనేట్‌తో తటస్థీకరించడం తేలిక. ఆ ఆమ్లం బలమైనది, సల్ఫ్యూరిక్ ఆమ్లంలాగే చూసుకోండి.

సోడియం ఉప్పు నీటిని గట్టిగా పట్టుకుంటుంది. బ్యాటరీ పనికైతే శూన్యంలో వేడిచేసి ఎండబెట్టాలి. నీటిలో హాలోజనేషన్ చేయాలంటే ఆ శ్రమ అక్కర్లేదు.

ఇక చర్యలు

ఈ బోను ఎలక్ట్రాన్లను అందరి మధ్యా పంచుకున్నది, బెంజీన్‌కు త్రిమితీయ రూపం లాంటిది. పైగా దాని హైడ్రోజన్‌లకు హైడ్రైడ్ స్వభావం ఉంది. అందుకే దాని మీదకు వచ్చేవి ఎలక్ట్రోఫైల్‌లు (ఎలక్ట్రాన్లను కోరుకునేవి), జరిగేది ప్రతిక్షేపణ. ఎన్ని హైడ్రోజన్‌లు మారాలన్నదే మీరు నిర్ణయించుకోవాల్సింది. ఒక్కటి మారడం, పన్నెండూ మారడం, ఈ రెండే శుభ్రంగా వస్తాయి. మధ్యలో ఆగితే మిశ్రమాలు, ఐసోమర్‌లు. పరిశోధన ఆ మధ్య ఐసోమర్‌ల మీదే అయితే తప్ప అటు పోకండి.

పన్నెండు క్లోరిన్‌లు ఎక్కించడానికి పాత పద్ధతి నీటిలో క్లోరిన్ వాయువు పంపడం. ఎసిటోనైట్రైల్‌లో సల్ఫ్యూరైల్ క్లోరైడ్‌తో రిఫ్లక్స్ చేయడం నాకు నచ్చుతుంది, ఎందుకంటే క్లోరిన్ సిలిండర్ అక్కర్లేదు. అయితే సల్ఫర్ డయాక్సైడ్, హైడ్రోజన్ క్లోరైడ్ వస్తాయి, క్షారపు స్క్రబ్బర్ ఉండాలి. చర్య పూర్తయిందని చెప్పేది మాస్ స్పెక్ట్రం: 71 దగ్గరి గుత్తి పోయి 277, 278 ప్రాంతంలో కొత్తది వస్తుంది. ఆవేశం రెండు కాబట్టి అణుభారంలో సగం దగ్గర చూడాలి. బోరాన్ ఎన్ఎమ్ఆర్‌లో ప్రోటాన్‌ను డీకపుల్ చేయకున్నా ఒకే గీత. ఇంకా రెండు గీతల జాడ ఉంటే హైడ్రోజన్ మిగిలిందన్నమాట. ఈ క్లోరిన్ బోను దేన్నీ గట్టిగా పట్టుకోని రుణ అయాన్. మామూలుగా నిలవని ధనాయాన్‌లను నిలబెట్టడానికి వాడతారు. ఫ్లోరిన్ రూపాన్ని కొలరాడో స్టేట్ యూనివర్సిటీలో స్ట్రాస్ బృందం నైట్రోజన్‌తో పలచబరిచిన ఫ్లోరిన్‌తో చేసింది. ఫ్లోరిన్ లైన్ లేని ల్యాబ్‌లో దాని ఊసు ఎత్తకపోవడమే మేలు.

ఒక్క హైడ్రోజన్ మారిన వాటిని గుర్తుపట్టడం తేలిక. బోరాన్ గీతలు 1:5:5:1 నిష్పత్తిలో విడిపోతాయి. ఈ కోవలో ఎక్కువ చరిత్ర ఉన్నది ఒక హైడ్రోజన్ స్థానంలో సల్ఫర్-హైడ్రోజన్ జత చేరిన ఉప్పు, పేరు బీఎస్‌హెచ్. జపాన్‌లో హతనాకా 1968 నుంచి మెదడు కణితులకు న్యూట్రాన్ చికిత్సలో దీన్ని వాడారు. బోరాన్-10 కేంద్రకం నెమ్మదైన న్యూట్రాన్‌ను మింగి ఆల్ఫా కణం, లిథియం కేంద్రకంగా విడిపోతుంది. ఆ రెండూ ఒక జీవకణం వెడల్పు దాటకుండానే ఆగిపోతాయి. సహజ బోరాన్‌లో బోరాన్-10 ఇరవై శాతమే, కాబట్టి చికిత్సకు దాన్ని పెంచిన బోరాన్‌తో మొదలుపెట్టాలి. ఖరీదైన ఐసోటోప్‌తో మొదలుపెట్టినప్పుడు, వెనక్కి వచ్చే ఆ ఐదో వంతు బోరోహైడ్రైడ్‌నూ, వడకట్టిన బోరిక్ ఆమ్లాన్నీ పారబోయకుండా దాచాలి.

సీజియం ఉప్పును 30 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో రిఫ్లక్స్ చేస్తే పన్నెండూ హైడ్రాక్సిల్‌లవుతాయి. ఇది హాథార్న్ బృందం పద్ధతి, రోజులు పడుతుంది. ఆ హైడ్రాక్సిల్‌లను బెంజైల్ ఈథర్‌లుగా మారిస్తే బోను రంగులు మార్చడం మొదలుపెడుతుంది: ఒక ఎలక్ట్రాన్ తీస్తే ఊదా రంగు, రెండూ తీస్తే ముదురు నారింజ. లాస్ ఏంజెలిస్‌లో స్పోకోయ్‌నీ బృందం దీని మీద చాలా పని చేసింది. పెరాక్సైడ్ చర్యను ఎప్పుడూ చిన్న కొలతలో, షీల్డ్ వెనక చేయండి. మిగిలిన పెరాక్సైడ్‌ను నాశనం చేయకుండా ఎండబెట్టొద్దు.

పది బోరాన్‌ల అయాన్ గురించి కొద్దిగా. హాథార్న్, పిటోషెల్లి 1959లో డెకాబోరేన్, ట్రైఇథైలమైన్ నుంచి చేశారు. ఎన్ఎమ్ఆర్‌లో రెండు శిఖరాలు, మైనస్ 1 దగ్గర రెండు బోరాన్‌లు, మైనస్ 29 దగ్గర ఎనిమిది. పైనా కిందా ఉన్న ఆ రెండు చివరి బోరాన్‌ల దగ్గర ఎలక్ట్రాన్లు ఎక్కువ, అందుకే ఇది డోడెకాబోరేట్ కంటే త్వరగా చర్య జరుపుతుంది. ఫెర్రిక్ లేదా సెరిక్ అయాన్‌తో ఆక్సీకరిస్తే రెండు బోనులు కలిసి ఇరవై బోరాన్‌ల అయాన్ అవుతుంది. నైట్రస్ ఆమ్లంతో చేసే డయజోనియం చర్య మాత్రం అనుభవం లేకుండా ముట్టొద్దు. మధ్యలో వచ్చే పదార్థం ఎండితే పేలుతుంది.

బ్యాటరీల వాళ్లకు ఈ రెండు అయాన్‌ల మీదా ఆసక్తి ఉంది. సోడియం డోడెకాబోరేట్ 260 డిగ్రీల దరిదాపుల్లో రూపం మార్చుకుని, ఘనంగా ఉంటూనే సోడియం అయాన్‌లను ద్రవంలా పారనిస్తుంది. పది బోరాన్‌లదానికి 110 డిగ్రీల లోపే ఆ మార్పు వస్తుంది. రెంటినీ సమానంగా కలిపిన ఉప్పు గది ఉష్ణోగ్రతలోనే బాగా పనిచేస్తుందని స్విట్జర్లాండ్‌లోని ఎంపా అనే పదార్థశాస్త్ర పరిశోధన సంస్థవాళ్లు చూపించారు.

నిల్వకు మామూలు సీసా చాలు, సోడియం ఉప్పుకు మాత్రం డెసికేటర్. ఈ ఉప్పులను నైట్రేట్‌లు, క్లోరేట్‌లు, పెర్‌క్లోరేట్‌లున్న అరలో పెట్టకండి, వాటితో కలిపి నూరకండి, ఎందుకంటే ఆ మిశ్రమాలు బాణసంచాలా మండుతాయి. అయోడైడ్ నిండిన నీటి వ్యర్థాన్ని, డైగ్లైమ్ స్వేదనాన్ని వేర్వేరు క్యాన్‌లలో పోసి, దేని మీద దాని పేరు రాసి పెట్టండి. అసిటోన్ బబ్లర్‌ను ఖాళీ చేసే ముందు అందులో కొద్దిగా మిథనాల్ కలిపి, బుడగలు ఆగాయో లేదో చూడండి.